గుర్రపు స్వారీలో సమతౌల్యం

గుర్రము, రౌతు ఇద్దరి బరువులు పొందికగా కలిసి కదలడమే స్వారీలో సమతౌల్యము.

గుర్రము

గుర్రానికి జత్రుక (భుజమును రొమ్మెముకతో కలిపే ఎముక) లేదు. మొండెము ముందుకాళ్ళ నడుమ కండరాల ఆధారముతోనే వ్రేలాడుతుంది. నిలిచి ఉన్నపుడు సుమారు 60 శాతం బరువు ముందుకాళ్ళపైనే పడుతుంది.

రౌతు

సాధారణ స్వారీలో రౌతు చెవి, భుజము, తుంటి, మడమ ఒకే నిలువు గీతపై ఉండవలెను. ఒక పక్కకు ఒరిగితే జీను ఆ వైపు ఎక్కువగా నొక్కి, గుర్రానికి వెన్నునొప్పి కలుగవచ్చును.

పందెపు స్వారీ

అమెరికా జాకీ టాడ్ స్లోన్ 1897లో ఇంగ్లండు వెళ్ళి, పొట్టి రికాబులపై ముందుకు వంగి స్వారీ చేసి పేరుపొందాడు. 1900 ప్రాంతములో ఈ భంగిమ వ్యాపించగా ప్రధాన పందేల కాలము 5 నుండి 7 శాతం తగ్గింది. 2009లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన దీనికి కారణము చూపింది: కాళ్ళు ముడిచి రికాబులపై నిలిచే జాకీ గుర్రముతో పాటు ఊగడు. కనుక అడుగడుగునా అతనిని కుదిపే శ్రమ గుర్రానికి తప్పి, అది జాకీ కాళ్ళపై పడుతుంది.