రణపాల పొద్దుటి పులుపు

పెరట్లో రణపాల మొక్క ఉంటే ఒక చిన్న పని చేసి చూడండి. తెల్లవారుజామున, ఎండ పొడ తగలకముందే, ఆకు అంచున గోటితో చిన్న ముక్క గిల్లి నాలుక మీద పెట్టుకోండి. పులుపు చురుక్కుమంటుంది. చుక్కకూరకు ఏమాత్రం తీసిపోదు. మధ్యాహ్నం భోజనాల వేళ అదే ఆకు నుంచి ఇంకో ముక్క గిల్లండి. పులుపు జాడ ఉండదు, పచ్చిగడ్డి నమిలినట్టు చప్పగా ఉంటుంది. పొద్దుగూకే వేళకు కాస్త చేదు కూడా తగులుతుంది. రుచి చూసి ఊసేయండి, మింగకండి. ఈ జాతి మొక్కలు ఎక్కువగా మేసిన పశువులకు గుండె మీదికి వస్తుంది.

గోంగూర పొద్దునా పులుపే, రాత్రీ పులుపే. చింతచిగురూ అంతే. మరి ఈ ఆకుకు గడియారం చూసుకుని రుచి మారడమేమిటి? ఈ ప్రశ్న వయసు రెండు వందల ఏళ్లు దాటింది. దాన్ని మొదట కాగితం మీద పెట్టిన మనిషికి మన సామర్లకోటతో చుట్టరికం ఉంది.

18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీకి సామర్లకోటలో ఒక వృక్షశాస్త్ర తోట ఉండేది. దాన్ని పెంచింది విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు. మిరియాల సాగు ఇక్కడ కుదురుతుందేమోనని ప్రయత్నించిందీ, కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు మన చిత్రకారుల చేత గీయించిందీ ఆయనే. 1793లో ఆయన కలకత్తా తోటకు వెళ్లిపోతే ఆ పని బెంజమిన్ హైన్ చేతికొచ్చింది. హైన్ జర్మన్ వాడు, మొరేవియన్ క్రైస్తవ సంఘం తరఫున తరంగంబాడిలో దిగిన వైద్యుడు. దేన్నైనా దగ్గరికెళ్లి చూస్తే గాని ఊరుకునే రకం కాదు. దక్షిణాది వజ్రాల గనుల గురించి, మన కొలుముల్లో ఉక్కు తీసే పద్ధతి గురించి 1814లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. అలాంటివాడు రణపాల ఆకును నోట్లో పెట్టుకోవడంలో వింతేమీ లేదు.

లండన్‌లోని లినేయన్ సొసైటీ ఉపాధ్యక్షుడు లాంబర్ట్‌కు ఆయన రాసిన ఉత్తరం 1815లో ఆ సంఘం సంపుటంలో అచ్చయింది. మూడే మూడు పుటలు. పొద్దున పులుపు, మధ్యాహ్నం చప్పన, సాయంత్రం చిరుచేదు అని మీ నాలుక చెప్పిన సంగతే అందులోనూ ఉంది. రణపాల నిజానికి మన నేల మొక్క కాదు. దాని పుట్టిల్లు మడగాస్కర్. ఆకు తెగి నేల మీద పడితే చాలు, అంచుల నుంచి పిల్ల మొక్కలు లేస్తాయి. ఆ గుణమే దాన్ని దేశదేశాలు తిప్పింది. జర్మన్ కవి గెటే ఈ వింతకు ముచ్చటపడి ఇంట్లో పెంచి, ఆకులను స్నేహితులకు పంపేవాడు. పిల్లలు పుట్టే ఆకును లోకమంతా చూసింది, పులుపు మారే ఆకును పట్టించుకున్నవాళ్లు తక్కువ.

హైన్ చూసింది సరిగ్గానే చూశాడు. కారణం దగ్గర మాత్రం కాలు జారాడు. ఆ తప్పుకు మన భాషలోనే ఒక గుర్తు మిగిలి ఉంది. ఆక్సిజన్‌ను మన పాత పుస్తకాలు ఆమ్లజని అన్నాయి, అంటే ఆమ్లాన్ని పుట్టించేది అని. ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజియే నమ్మిక అది, ప్రతి ఆమ్లంలోనూ ఈ వాయువే పులుపు పుట్టిస్తుందని. ఎండలో ఆకులు ఇదే వాయువును వదులుతాయని 1779లో ఇంగెన్‌హౌజ్ చూపించి ఉన్నాడు. హైన్ రెంటినీ కలిపి ముడివేశాడు. వెలుతురు తగిలి ఆమ్లజని వెళ్లిపోతుంది కాబట్టి పులుపు విరుగుతుంది అన్నాడు. వినడానికి ఎంత నప్పిందో! వెలుతురుకూ పులుపుకూ లంకె ఉందన్నది నిజమే. వాయువు మాత్రం అది కాదు.

అసలు వాయువు పేరు కూడా మన పాత తెలుగులో ఉంది. బొగ్గుపులుసు వాయువు, ఇప్పటి మాటల్లో కార్బన్ డయాక్సైడ్. దాని ఆచూకీ హైన్ ఉత్తరానికి ముందే అచ్చులో ఉంది. జెనీవాలో నికొలా థియొడోర్ ద సొస్యూర్ 1804లో వెలువరించిన పుస్తకంలో నాగజెముడు జాతి మొక్క మీద ప్రయోగాలున్నాయి. మామూలు ఆకు రాత్రిపూట ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఈ జెముడు డొప్పలు ఆక్సిజన్ పీల్చాయి గాని దానికి తగ్గ కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి వదల్లేదు. ఆ వాయువు లోపలే ఎక్కడో నిలిచిపోతోంది. జెనీవాలో తూచిన లెక్కా, రణపాల రుచీ ఒకే సంగతికి రెండు కొసలని తేలడానికి ఇంకో నూట నలభై ఏళ్లు పట్టింది.

1948లో అమెరికాలో వాల్టర్ బానర్, జేమ్స్ బానర్ అన్నదమ్ములు ఆ కొసలు కలిపారు. రాత్రిపూట గాలిలో కార్బన్ డయాక్సైడ్ అందకపోతే ఇలాంటి ఆకుల్లో పులుపు పేరుకోదని చూపించారు. అదే దశకంలో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో మైరియన్ థామస్ బృందం ఈ రాత్రి వ్యవహారాన్ని వరుసగా పరిశీలించింది. రణపాల క్రాసులేసీ కుటుంబపు మొక్క కాబట్టి దీనికి క్రాసులేసియన్ ఆసిడ్ మెటబాలిజం అనే పేరు స్థిరపడింది. పొడి అక్షరాల్లో క్యామ్. 1953లో పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ బయటపడటంతో వాయువును పట్టే చెయ్యి కూడా తెలిసింది.

ఆకు లోపల జరిగేది ఇది. చీకటి పడి గాలి చల్లబడ్డాక పత్రరంధ్రాలు తెరుచుకుంటాయి. లోపలికొచ్చిన వాయువును ఈ ఎంజైమ్ పట్టుకుని చివరికి మాలిక్ ఆమ్లంగా మార్పిస్తుంది. ఆపిల్‌కు పులుపునిచ్చే ఆమ్లమే ఇది. కణం నడుమ నీళ్లతిత్తిలాంటి రిక్తిక ఉంటుంది. ఆమ్లమంతా రాత్రల్లా అందులోకి చేరుతుంది. రణపాల ఆకు అంత దళసరిగా ఉండేది ఆ పెద్ద పెద్ద తిత్తుల వల్లే. తెల్లారేసరికి అవి నిండుతాయి. మీరు గిల్లిన ముక్కలో చురుక్కుమన్నది ఆ నిల్వే. ఎండెక్కగానే రంధ్రాలు మూసుకుంటాయి. తిత్తిలోని ఆమ్లం బయటికొచ్చి విరిగి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. తలుపులన్నీ బిగించిన ఇంట్లో ఆ వాయువు బయటి గాలిలో కన్నా ఎన్నో రెట్లు చిక్కబడుతుంది. ఎండ వెలుతురుతో దాన్ని పిండిపదార్థంగా మార్చే పని అప్పుడు సాగుతుంది. మధ్యాహ్నానికి నిల్వ ఖాళీ, రుచి చప్పన.

ఇందులో దక్కే లాభం నీళ్లు. ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ సంపాదించడానికి వరిలాంటి మామూలు మొక్క 400 నుంచి 500 గ్రాముల నీటిని ఆవిరిగా పోగొట్టుకుంటుంది. క్యామ్ మొక్కకు ఎడారి పరిస్థితుల్లో 50 నుంచి 100 గ్రాములు చాలు. కలబంద, అనాస, కిత్తనార, నాగజెముడు అన్నీ ఈ దారిలోవే.

నీళ్ల పొదుపు ఒక్కటే కారణమైతే కథ ఇక్కడితో ముగిసేది. 1981లో జాన్ కీలీ దాన్ని ముందుకు లాగాడు. కాలిఫోర్నియాలో వానాకాలంలో నిండి ఎండాకాలంలో ఇంకిపోయే మడుగుల్లో ఐసోయిటెస్ అనే మొక్క పెరుగుతుంది. పీకల్లోతు నీళ్లలో మునిగి ఉండే ఆ మొక్క ఆకుల్లోనూ తెల్లవారుజామున మాలిక్ ఆమ్లం నిండుగా ఉంది. నీళ్లలో ఉన్నదానికి నీళ్ల పొదుపెందుకు? పగలు మడుగులో ఉన్న నాచూ మొక్కలూ అన్నీ ఎగబడి నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఊడ్చేస్తాయి. రాత్రి అది మళ్లీ పోగవుతుంది. ఐసోయిటెస్ ఆ వేళ చూసి తన వాటా తీసి దాచుకుంటుంది. అంటే అసలు కరువు కార్బన్ డయాక్సైడ్‌ది. ఎడారిలో నీరు దాని వెల. మడుగులో పోటీ దాని వెల.

ఆ కరువు మూలం రణపాల కన్నా, నేల మీది మొక్కలన్నింటి కన్నా పాతది. దానికి నీలి ఆకుపచ్చ నాచు దగ్గరికి పోవాలి. శాస్త్రవేత్తలు సయనోబాక్టీరియా అనేది దీన్నే. వరిమడిలో అజొల్లా వేసే రైతుకు ఇది కొత్త కాదు. అజొల్లా ఆకుల సందుల్లో కాపురముండి నత్రజని పట్టేది అనబీనా అనే ఈ నాచే. కిరణజన్య సంయోగక్రియలో వాయువును పట్టే ముఖ్యమైన ఎంజైమ్ రుబిస్కో. అది తయారైన కాలంలో గాలిలో ఆక్సిజన్ లేదు. అందుకే కార్బన్ డయాక్సైడ్‌కూ ఆక్సిజన్‌కూ తేడా సరిగా పోల్చుకోలేదు. నీటిని చీల్చి ఆక్సిజన్‌ను వదలడం నేర్చింది ఈ నాచే. సుమారు 240 కోట్ల ఏళ్ల కింద ఆ ఆక్సిజన్ గాలిలో పోగవడం మొదలైంది. తాను వదిలిన వాయువే తన ఎంజైమ్‌కు అడ్డమొచ్చింది. వేడి ఎక్కువై రుబిస్కో ఆక్సిజన్‌ను పట్టుకున్నప్పుడల్లా మొక్క అంతకుముందు సంపాదించినదాంట్లో కొంత తిరిగి పోగొట్టుకుంటుంది. ఈ గుట్టును 1971లో అమెరికాలో విలియం ఓగ్రెన్, జార్జ్ బోవ్స్ బయటపెట్టారు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. అయితే వేర్వేరు ఒరలు కావాలి, లేదంటే ఒకే ఒరలో వంతులవారీగా పెట్టాలి. నాచు ఈ రెండు ఉపాయాలూ ఎరిగినదే. నత్రజనిని పట్టే ఎంజైమ్‌కు ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. అందుకని అనబీనా గొలుసులో పది పదిహేను కణాలకొకటి గోడలు మందం చేసుకుని, ఆక్సిజన్ వదిలే పని మానేసి, నత్రజని పనికే కూర్చుంటుంది. అది చోటు మార్చడం. సయనోథీస్ లాంటి ఒంటికణపు నాచుకు వేరే గది కట్టుకునే వీలు లేదు. పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి నత్రజని అని వంతులు పెట్టుకుంది. అది వేళ మార్చడం. రుబిస్కో విషయంలో మాత్రం నాచు చోటునే ఎంచుకుంది. కణంలో ప్రొటీన్ గోడల గదులు కట్టి రుబిస్కోను అందులో బిగించి, చుట్టూ కార్బన్ డయాక్సైడ్‌ను చిక్కబరిచింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద 1950ల్లోనే కనిపించిన ఆ గదులకు 1973లో కార్బాక్సిసోమ్ అని పేరొచ్చింది.

నేలకెక్కిన మొక్కలు ఆ గదులను వెంట తెచ్చుకోలేదు. ఉపాయాలను మాత్రం మళ్లీ తామే కనిపెట్టుకున్నాయి. జొన్న ఆకును అడ్డంగా సన్నగా కోసి చూస్తే ప్రతి ఈనె చుట్టూ పెద్ద కణాలు దండ గుచ్చినట్టు ఉంటాయి. 1880ల్లోనే హేబర్‌లాంట్ దీన్ని చూసి జర్మన్‌లో దండ అనే అర్థమున్న మాట వాడాడు. దాని పని ఏమిటో తెలిసింది మాత్రం చెరకు వల్ల. 1965లో హవాయి చెరకు పరిశోధనశాలలో కోర్ట్‌షాక్ బృందం, ఆ మరుసటేడు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో హ్యాచ్, స్లాక్ దాన్ని తేల్చారు. బయటి కణాలు వాయువును ఆమ్లంగా పట్టి ఈనె దగ్గరి దండకు అందిస్తాయి. రుబిస్కో ఆ దండలో కూర్చుని పని చేస్తుంది. రణపాల రాత్రికీ పగటికీ పంచిన పనినే జొన్న, సజ్జ, చెరకు ఈ గదికీ ఆ గదికీ పంచాయి. ఎంజైములు రెండు చోట్లా అవే. దీన్ని సీ-4 పద్ధతి అంటారు.

ఏ పద్ధతిలో పుట్టిన మొక్క ఆ పద్ధతిలోనే ఉండాలన్న నియమం కూడా 1972లో సడలింది. దక్షిణ ఆఫ్రికాకు చెందిన ఐస్ ప్లాంట్ మంచి నీళ్లు పోస్తే మామూలు మొక్కలాగే బతుకుతుంది. ఉప్పునీళ్లు పోస్తే కొన్నాళ్లలో రాత్రి పనికి మారుతుందని జర్మనీలో క్లౌస్ వింటర్, ఆయన సహచరుడు చూపించారు. నేల గడ్డుగా ఉంటేనే వేళ మారుతుంది.

ఇంత కథలో అందరికన్నా గడుసుది మన చేలగట్లనే ఉంది. తెలంగాణలో గంగవాయిలి కూర, కోస్తాలో పాయలకూర. నేలకు పాకే ఎర్ర కాడలు, దళసరి ఆకులు. కలుపని పీకేస్తాం, పప్పులో వేసుకుని తింటాం. ఇది పుట్టుకతో జొన్నలాంటిదే, పనిని గదులకు పంచే సీ-4 మొక్క. నీళ్లు కరువైతే ఆ పద్ధతి విడవకుండానే రాత్రి పని కూడా మొదలుపెడుతుందని 1980లో అమెరికాలో కోచ్, కెనెడీ చెప్పారు. రెండూ ఒకే ఆకులో ఎలా ఇముడుతున్నాయన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉంది. వేర్వేరు కణాల్లో కాదు, అవే కణాల్లో రెండూ నడుస్తున్నాయని 2022లో యేల్ విశ్వవిద్యాలయం బృందం తేల్చింది. రాత్రి దాచిన ఆమ్లం తెల్లారాక సీ-4 వరుసలోనే కలిసిపోతుంది. రెండు కత్తులనూ ఒకే ఒరలో ఇమిడ్చిన మొక్క ఇదొక్కటే కాకపోవచ్చు గాని, మన కంచంలోకి వచ్చేది ఇదే.

వాన ఎగ్గొట్టి చేను బెట్టకొచ్చిన రోజుల్లో గంగవాయిలి కోయాల్సి వస్తే, ఒక గుప్పెడు తెల్లవారుజామున, ఒక గుప్పెడు సాయంత్రం కోసి విడివిడిగా నమిలి చూడండి. పొద్దుటి గుప్పెట్లో పులుపెక్కువ. ఆ పూట పప్పులో చింతపండు కాస్త తగ్గించి వేసుకోవచ్చు.