దూరగ్రహణం: శ్రమ, సాహచర్యాల ప్రభావం

ఒక వస్తువు గాని స్థలం గాని తన నుంచి ఎంత దూరంలో ఉందో మనిషి కంటితో తెలుసుకోవడాన్ని మనోవిజ్ఞాన శాస్త్రంలో దూరగ్రహణం అంటారు. ఆ దూరాన్ని దాటడానికి పడవలసిన శ్రమ, ఆ పనిలో తోడు నిలిచే మనుషుల ఉనికి ఈ గ్రహణాన్ని మారుస్తాయా అనే ప్రశ్న 20వ శతాబ్దం చివరి దశాబ్దం నుంచి ప్రయోగాలకు విషయమైనా, దాని మూలాలు అంతకు చాలా ముందే తత్త్వశాస్త్రంలో కనిపిస్తాయి.

ఐరిష్ తత్త్వవేత్త జార్జ్ బర్క్లీ 1709లో వెలువరించిన దృష్టి సిద్ధాంత గ్రంథంలో, ఎదుటి వస్తువు దగ్గరున్నా దూరమున్నా కంటి లోపల పడేది ఒకే బిందువు కనుక దూరాన్ని కన్ను నేరుగా చూడజాలదని, నడక, స్పర్శ ఇచ్చిన అనుభవంతో ముడిపడిన తరువాతే దృశ్య సంకేతాలకు దూరమనే అర్థం సిద్ధిస్తుందని వాదించారు. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్ ఈ ఆలోచననే శరీరధర్మ శాస్త్రంలోకి తెచ్చి, చూపు అనేది మనిషికి తెలియకుండానే జరిగే అనుమితి అని వివరించారు. అమెరికన్ మనోవిజ్ఞాని జేమ్స్ గిబ్సన్ 1979 నాటి తన గ్రంథంలో ఇందుకు భిన్నమైన దారి పట్టి, ప్రాణి చూసేది కొలతలను కాదని, పరిసరాలు తన శరీరానికి ఇచ్చే కార్యావకాశాలనని ప్రతిపాదించారు. నడవడానికి నేల, ఎక్కడానికి మెట్టు, పట్టుకోవడానికి కొమ్మ ఇటువంటి అవకాశాలు. గిబ్సన్ శ్రమను ప్రత్యేకించి కొలవకపోయినా, చూసేవారి శరీరసామర్థ్యాన్ని చూపు నుంచి విడదీయరాదన్న ఆయన పట్టుదలే తరువాతి పరిశోధనకు పునాది అయింది.

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో డెన్నిస్ ప్రాఫిట్, ఆయన సహచరులు ఆ పునాదిపై, ముందుగా కొండవాలు గ్రహణంతో, పని మొదలుపెట్టారు. 1995లో వారు ప్రచురించిన వ్యాసం ప్రకారం, 5 డిగ్రీల వాలున్న కొండను చూసినవారు దాన్ని సుమారు 20 డిగ్రీలుగా చెప్పారు. అదే వాలుకు సరిపడేలా అరచేతి కింది పలకను చూడకుండా వంచమన్నప్పుడు మాత్రం వాస్తవానికి చాలా దగ్గరగా వచ్చారు. ముకుల్ భల్లాతో కలిసి ప్రాఫిట్ 1999లో వెల్లడించిన ఫలితాలలో, బరువైన సంచి వీపున మోసేవారు, పరుగెత్తి అలసినవారు, దేహదారుఢ్యం తక్కువగలవారు, ఆరోగ్యం క్షీణించిన వృద్ధులు కొండను మరింత నిటారుగా ఉన్నట్టు చెప్పారు. 2003లో ఇదే పద్ధతిని సమతల నేలకు వర్తింపజేయగా, సంచి మోసేవారు గురిని మరింత దూరంగా అంచనా వేశారు. వీటన్నిటి కంటే ఆలోచింపజేసేది జెస్సికా విట్ ముఖ్య రచయితగా 2004లో వెలువడిన అధ్యయనం. బరువైన బంతి విసిరినవారికి గురి దూరమైనట్టు తోచినా, ఆ ప్రభావం తరువాత మళ్ళీ బంతి విసరబోతున్నామనుకున్నవారిలోనే కనిపించింది, నడవబోతున్నామనుకున్నవారిలో కనిపించలేదు. అంటే అంచనాను మార్చింది జరిగిపోయిన అలసట మాత్రమే కాదు, చేయబోయే పనికి పట్టే శ్రమ. ఈ వాదానికి దొరికిన ఆధారాలలో ఇంతకన్నా సూక్ష్మమైనది లేదనే చెప్పాలి.

ప్రతివాదం కూడా త్వరగానే వచ్చింది. 2003 నాటి సంచి ప్రయోగాన్ని తిరిగి చేసిన హచిసన్, లూమిస్‌లకు 2006లో ఆ ప్రభావం దొరకలేదు. ఫ్రాంక్ డర్గిన్ బృందం 2009లో మరింత మౌలికమైన సందేహాన్ని పరీక్షకు పెట్టింది. వీపున బరువు ఎందుకు పెట్టారో పాల్గొనేవారు ఊహించి, ప్రయోగకర్త ఆశించిన జవాబునే ఇస్తున్నారేమోనన్నది ఆ సందేహం; ఇటువంటి ప్రభావాన్ని ప్రయోగ సందర్భపు ఒత్తిడి అంటారు. సంచిలో కండరాల కదలికను నమోదు చేసే పరికరం ఉందని నమ్మించినవారిలో అంచనాలు పెరగలేదు. పరిమాణంలో చిన్నదైనా, జవాబు చూపును తెలుపుతోందా, ఊహను తెలుపుతోందా అని విడదీసి అడిగిన ఈ ప్రయోగాన్ని విస్మరించి శ్రమ ప్రభావం గురించి మాట్లాడడం ఇక సాధ్యం కాదు. చాజ్ ఫైర్‌స్టోన్, బ్రయన్ షోల్ 2016లో ఈ విమర్శను విస్తరించి, ఆలోచనలు, కోరికలు చూపునే మారుస్తాయని చెప్పే అనేక అధ్యయనాలు గ్రహణానికి, తీర్పుకు మధ్య తేడాను చెరిపివేస్తున్నాయని వాదించారు.

ఇతరుల తోడు విషయం ఈ వివాదం మధ్యనే ముందుకు వచ్చింది. సిమోన్ ష్నాల్, ప్రాఫిట్ తదితరులు 2008లో ప్రచురించిన పరిశోధనలో, స్నేహితుడు పక్కన ఉన్నవారు ఒంటరిగా నిలిచినవారి కంటే కొండవాలును తక్కువగా అంచనా వేశారు. స్నేహం ఎంత పాతదైతే వాలు అంత తక్కువగా తోచింది. తోడు మనిషి కూడా శరీరబలంలాగే ఒక వనరుగా లెక్కకు వస్తాడని వారు దీన్ని వ్యాఖ్యానించారు. 2012లో డోర్‌ఫెల్డ్, సెబాంజ్, షిఫ్రార్ పెట్టెల బరువుపై చేసిన ప్రయోగాలలో, మరొకరితో కలిసి ఎత్తబోతున్నామనుకున్నవారికి పెట్టె తేలికగా అనిపించింది, అయితే ఆ రెండోవ్యక్తి ఆరోగ్యంగా, సాయపడగలిగేలా కనిపించినప్పుడే. గాయపడిన సహచరుడు ఆ తేలికను ఇవ్వలేకపోయాడు. సహకారానికి ఇంకొక పార్శ్వం ఉంది: కలిసి మోసేవారు అడుగులు కలపాలి, వేగం సర్దుకోవాలి, ఎదుటివారి పట్టును గమనించాలి. ఈ సమన్వయం కూడా శ్రమే కనుక, తోడు ఎప్పుడూ భారాన్ని తగ్గిస్తుందని ముందుగానే అనుకోరాదు. మీగర్, మార్ష్ 2014లో సహకారానికి అయ్యే ఖర్చు అనే కోణం నుంచే ఉమ్మడి పనిని పరిశీలించారు.

ప్రాఫిట్ 2020లో డ్రేక్ బేర్‌తో కలిసి రాసిన పుస్తకంలోనూ తన పూర్వ అభిప్రాయానికే కట్టుబడి, దేహం మనసును మలుస్తుందన్న వాదాన్ని పాఠకలోకానికి అందించారు. ఈ వివాదంలో నోటి మాటకు బదులు నడకతో దూరాన్ని కొలిచే పద్ధతి ఒకటి ఉంది: కళ్ళకు గంతలు కట్టి, ముందు చూసిన గురి వరకు నడిపించే పరీక్షలో మనుషులు దాదాపు 20 మీటర్ల వరకు చాలావరకు సరిగానే చేరుకుంటారు. నోటితో చెప్పిన అంచనాలో కనిపించే మార్పు కాళ్ళ నడకలోనూ కనిపిస్తే, అది చూపులోని మార్పే అనడానికి బలం పెరుగుతుంది. తోడుపై జరిగిన అధ్యయనాలలో ఎక్కువ భాగం పాల్గొన్నవారి అంచనాలపైనే ఆధారపడ్డాయి కనుక, డర్గిన్ బృందం సంచి విషయంలో లేవనెత్తిన ప్రశ్న వాటికీ వర్తిస్తుంది.