ముసలమ్మ కట్ట - పుట్టి ప్రయాణం

అనంతపురం సీమలో పడవ ప్రయాణమంటే వినేవారు నవ్వుతారు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే మెట్టనేల ఇది. డెల్టాలలోవలె పడవలు సాగే కాలువలు ఇక్కడ లేవు. అయినా చెరువు నిండిన ఏడు పుట్టి నీటిలోకి దిగుతుంది. వెదురుబద్దలతో బుట్టలా అల్లి, అడుగున నీరు దూరకుండా బిగించిన గుండ్రని పడవ అది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర దాటించే ఈ బుట్టపడవలను వర్ణించాడు. ఆనాడు అడుగున తోలు ఉండేది. ఒక్కొక్కదానిలో పదిహేను, ఇరవైమంది పట్టేవారు. గుర్రాలను, ఎద్దులను సైతం దాటించేవారు. శాసనాలలోనే సంస్కృతిని వెదికే మన పండితులు పుట్టిని పట్టించుకోలేదు. బెస్తవాని వస్తువు గదా!

మొన్న చెరువు నిండినప్పుడు బుక్కరాయసముద్రంలో ఒక బెస్త మిత్రునితో పగలంతా పుట్టిలో తిరిగాను. దానికి ముందూ వెనుకా లేవు. తెడ్డు పక్కన వేస్తే గిర్రున తిరుగుతుంది. ముందుకు వంగి నీటిని తనవైపు లాక్కోవాలి. మధ్యాహ్నానికి కట్ట దరికి చేరాం. రోడ్డుమీద పోయేవారికి అది ఒక గట్టు మాత్రమే. నీటిమీదనుంచి తలెత్తి చూస్తేగాని లోపలివైపు పరిచిన రాళ్లు, వాటి వెనుక గంపలతో మోసి పోసిన మట్టి ఎంతటి పనో బోధపడదు.

1364లో బుక్కరాయల మంత్రి చిక్కవొడెయరు పండమేటికి అడ్డంగా ఈ కట్ట వేయించాడని చెబుతారు. చెరువు రెండు కొసల వెలసిన ఊళ్లలో ఒకటి రాజు పేరు, రెండవది రాణి పేరు తాల్చాయి. మట్టి తవ్విన ఒడ్డెల పేరు దేనికీ లేదు. కట్ట మాత్రం ఒక కాపు కోడలిది. గండి పడబోతే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి కోరుతూ దైవవాణి పలికిందట. ఆమె నీటిలోకి నడిచిపోయింది. బ్రౌను దొర 1853లో అచ్చువేయించిన అనంతపుర చరిత్రలో ఈ కథ ఉంది. దానిని తీసుకొనే కట్టమంచి రామలింగారెడ్డి, విద్యార్థిగా ఉండగా, 1899లో ‘ముసలమ్మ మరణము’ రచించాడు.

రాణులు, అప్సరసలు ఏలుతున్న కావ్యలోకంలో ఒక రైతు ఇంటి ఆడపడుచును నాయికను చేయడం చిన్న సాహసం కాదు. ఆ కావ్యం ఆధునికతకు నాంది అన్న మాటతో నాకు పేచీ లేదు. కాని త్యాగం కరుణరసంగా కరిగిపోయేసరికి, కట్ట ఎందుకు తెగబోయింది అన్న ప్రశ్న మునిగిపోతుంది. విమర్శకులు దశాబ్దాల తరబడి అడగని ఆ ప్రశ్నను నా మిత్రుడు తెడ్డు ఆపి అడిగాడు: “మరవ బాగుంటే ఆయమ్మ యాల పోతాది సార్?”

మరవ అంటే నిండిన నీరు పొర్లిపోయే దారి. అది పూడినా, చాలకపోయినా కట్టకే ముప్పు. దానిని కాపాడే ఏర్పాటు ఊళ్లలో ఉండేది. చెరువు తవ్వించి నిలబెట్టినవారికి దశబంధం ఇనాము, తూము చూసే నీరుగంటికి మేర. ఇందులో కులం అంతరువులు, పెత్తందారీతనం లేకపోలేదు. ఆ పాతకాలాన్ని స్వర్ణయుగమనడం నా ఉద్దేశం కాదు. 1800లో దత్తమండలాలు కుంపినీ చేతికి వచ్చాయి. కొత్త చెరువు కట్టడానికి అనువైన చోటు దాదాపు మిగలలేదనీ, ప్రజలు అంతకుముందే అన్నీ వాడుకున్నారనీ మన్రోయే రాశాడు. అంతటి సంపద చేజిక్కిన పాలనలో శిస్తు ముందుకూ, మరమ్మతు వెనక్కూ పోయాయి.

ఆ దత్తమండలాలలోనే నిజంగా పడవలకోసం ఒక కాలువ తవ్వారు. సుంకేసుల నుంచి కడపదాకా, లాకులతో సహా, 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పని సాగించింది. ఇంగ్లండు వాటాదారుల పెట్టుబడికి నూటికి 5 వంతున వడ్డీ ప్రభుత్వమే హామీ ఇచ్చింది. ఆశించిన రాబడి రాక 1882లో దానిని ప్రభుత్వమే కొన్నది. అనంతపురం ప్రత్యేక జిల్లా అయినది ఆ ఏడే. అప్పటికి 1876-78 కరువు ఈ నేలను ఊడ్చేసింది. వడ్డీకి హామీ దొరికింది. ఊరి మరవకు అలాంటి హామీ ఎవరూ రాసివ్వలేదు.

2012లో శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణనీరు జీడిపల్లి చేరింది. మా పుట్టి తిరిగిన చెరువులో చేపలు మాత్రం వేలంలో పాడుకున్నవారివి. సాయంత్రం గట్టున తూకం వేసి, నా మిత్రునికి కూలి లెక్కగట్టి ఇచ్చారు.