బడికి రాలేని విద్యార్థికి తరగతిలో ప్రతినిధి: టెలీప్రెజెన్స్ రోబో

దీర్ఘవ్యాధి వలన నెలల తరబడి బడికి రాలేని విద్యార్థి స్థానంలో తరగతి గదిలో ఉండి, అక్కడి దృశ్యాన్ని, శబ్దాన్ని అతని పడక వద్దకు చేర్చి, అతని మాటను తరగతికి వినిపించే యంత్రాన్ని టెలీప్రెజెన్స్ రోబో అంటారు. పేరుకు రోబోయే గాని దీనికి సొంత బుద్ధి లేదు. ఇది పాఠం చెప్పదు, తనంతట తాను మాట్లాడదు. తల తిప్పేదీ, ప్రశ్న అడిగేదీ, చెయ్యెత్తేదీ ఇంట్లోనో ఆసుపత్రిలోనో ఉన్న విద్యార్థే. నార్వే, బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా తదితర దేశాల ఉన్నత పాఠశాలలు వీటిని వినియోగించాయి.

అవసరం ఎక్కడ వచ్చింది?

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ముఖ్యమైనది ఒక రకం రక్తక్యాన్సర్. దాని చికిత్స సాధారణంగా రెండు మూడేళ్లు సాగుతుంది. ఆ కాలంలో రోగనిరోధక శక్తి క్షీణించడం వలన విద్యార్థి పదిమందిలోకి వెళ్లరాని రోజులు అనేకం ఉంటాయి. అవయవ మార్పిడి జరిగినవారు, విడవని నీరసంతో బాధపడేవారు, తీవ్రమైన మానసిక ఆందోళన వలన బడి గడప తొక్కలేనివారు కూడా ఈ కోవలోకే వస్తారు.

వీరికి తప్పిపోయిన పాఠాలను ఆసుపత్రి బడి ఉపాధ్యాయులో, ఇంటికి వచ్చి చెప్పేవారో కొంతవరకు పూరించగలరు. స్నేహాలను పూరించడం వారి వలన కాదు. పన్నెండు మొదలు పద్దెనిమిదేళ్ల వయసులో తోటివారి మధ్య స్థానం అన్నిటికంటె విలువైనదిగా తోస్తుంది. జబ్బు పడిన తొలివారాల్లో పరామర్శకు వచ్చే మిత్రులు క్రమేణా తగ్గిపోతారు. తిరిగి బడికి వెళ్లే నాటికి ఆ విద్యార్థి తన తరగతిలోనే కొత్తవాడవుతాడు. ఈ యంత్రం ప్రధానంగా ఉద్దేశించినది ఈ ఎడబాటును నివారించడానికే.

2020లో కొవిడ్ వలన బడులు మూతపడినపుడు ఆన్‌లైన్ పాఠాలు అందరికీ పరిచయమయ్యాయి. అయితే అప్పుడు తరగతి మొత్తం ఇళ్లలోనే ఉంది. తక్కినవారంతా బడిలో ఉండి తానొక్కడే ఇంట్లో మిగిలిన విద్యార్థి పరిస్థితి వేరు.

పుట్టుపూర్వోత్తరాలు

ఈ దిశలో తొలి ప్రయత్నాల్లో ఒకటి 1990 దశకంలో కెనడాలోని టొరంటోలో జరిగింది. టెల్‌బోటిక్స్ సంస్థ, రయర్సన్, టొరంటో విశ్వవిద్యాలయాల వారు కలిసి ‘పెబుల్స్’ అనే జంట యంత్రాలను రూపొందించారు. ఒకటి రోగి వద్ద, మరొకటి తరగతిలో ఉండేవి. తరగతిలోని యంత్రానికి విద్యార్థి ముఖం కనిపించే తెర, ఉపాధ్యాయుని దృష్టిని ఆకర్షించేందుకు పైకి లేచే చెయ్యి ఉండేవి.

2010 దశకం ఆరంభంలో అమెరికాలో ‘వీగో’ వచ్చింది. ఇది సుమారు నాలుగడుగుల ఎత్తున, చక్రాల మీద నడిచేది. విద్యార్థి కంప్యూటరు ముందు కూర్చొని దానిని ఒక గది నుంచి మరొక గదికి స్వయంగా నడిపించుకొనేవాడు. తలుపులు తీయడానికి, మెట్లు దాటించడానికి మాత్రం ఎవరో ఒకరి సాయం కావలసిందే.

నార్వే రాజధాని ఓస్లోలో 2015లో స్థాపితమైన ‘నో ఐసొలేషన్’ సంస్థ మరుసటి ఏడు ‘ఏవీ1’ను విడుదల చేసింది. క్యాన్సర్‌తో కుమార్తెను కోల్పోయిన ఒక తల్లి చెప్పిన ఒంటరితనపు గాథ దీనికి ప్రేరణ. ఇది సుమారు అడుగు ఎత్తుండే తెల్లని బొమ్మ. దీనికి తల, మొండెం తప్ప చక్రాలు లేవు. బల్లపై ఉంచితే అక్కడే ఉంటుంది. విద్యార్థి తన ట్యాబ్‌లెట్ తెరపై వేలు జరిపితే బొమ్మ తల అటు తిరుగుతుంది. చెయ్యెత్తదలచితే తలపై దీపం మినుకుమంటుంది. ఒంట్లో బాగోక కేవలం వినదలచిన రోజున దీపం నీలిరంగుకు మారుతుంది, ఉపాధ్యాయుడు ఆనాడు ప్రశ్న వేయడు. పక్కనున్న మిత్రునితో మాత్రమే మాట్లాడదలచితే గొంతు తగ్గించే సదుపాయమూ ఉంది.

ముఖం కనబడాలా, వద్దా?

ఈ యంత్రాల రూపకల్పనలో అతి ముఖ్యమైన భేదం ఇక్కడే ఉంది. పెబుల్స్, వీగోలలో విద్యార్థి ముఖం తరగతికి కనబడుతుంది. మాట్లాడేది ఎవరో అందరికీ తెలుస్తుంది, పలకరింపు సహజంగా సాగుతుంది. ఏవీ1లో విద్యార్థి తరగతిని చూస్తాడు గాని తరగతికి అతడు కనబడడు. జుట్టు రాలిపోయి, ముఖం ఉబ్బి, మంచం మీదున్న కౌమార వయస్కులు తమను ఆ స్థితిలో తోటివారు చూడరాదని కోరుకోవడమే దీనికి కారణం.

అయితే కనబడనివారు తమను చూస్తున్నారన్న శంక ఉపాధ్యాయులకు, ఇతర విద్యార్థుల తల్లిదండ్రులకు కలగడం సహజం. అందుకే ఏవీ1లో దృశ్యాన్ని భద్రపరచే ఏర్పాటు లేదు. ఒక సమయంలో ఒక్క పరికరం నుంచి మాత్రమే దానితో అనుసంధానం కాగలరు. విద్యార్థి లోనికి వచ్చినపుడు బొమ్మ కళ్లు వెలిగి ఆ సంగతి తెలుపుతాయి. ఇంట్లో మరెవరూ పక్కన కూర్చొని చూడరాదనే నియమాన్ని మాత్రం కుటుంబమే పాటించవలసి ఉంటుంది.

ఉన్నత పాఠశాలలోని చిక్కులు

ప్రాథమిక తరగతిలో ఒక్క ఉపాధ్యాయుని సమ్మతి చాలు. ఉన్నత తరగతుల్లో గంటగంటకూ ఉపాధ్యాయుడు మారుతాడు. వారిలో ఒక్కరు అంగీకరించకున్నా ఆ పాఠం అందదు. ఇంగ్లాండు వంటి చోట్ల విద్యార్థులే ఒక గది నుంచి మరొక గదికి వెళతారు గనుక బొమ్మను ఎవరో మోసుకెళ్లాలి. ఈ పని ఒక మిత్రునికి అప్పగిస్తే భోజన విరామంలో కూడా అది స్నేహితుల మధ్యనే ఉంటుంది. ఆ బాధ్యత ఎవరికీ ఇవ్వకపోతే యంత్రం బీరువాలో ఉండిపోతుంది.

బడిలోని ఇంటర్నెట్ బలహీనంగా ఉంటే మాట తెగిపోతుంది. ప్రయోగశాల పని, ఆటలు దీని ద్వారా సాధ్యం కావు. రోజంతా తెర చూసే శక్తి రోగికి ఉండదు కనుక రోజుకు ఒకటి రెండు పాఠాలతో ఆరంభించడం మేలు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ పరిశోధకులు 2016లో వెలువరించిన అధ్యయనంలో, తోటి విద్యార్థులు రోబోను ఆ విద్యార్థిగానే భావించి, అతని పేరుతోనే పిలిచినట్లు కనబడింది. ఓస్లో మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నార్వే బడులను పరిశీలించి, యంత్రపు ఫలితం పాఠశాల చేసే ముందస్తు సన్నాహంపై ఎంతగా ఆధారపడి ఉంటుందో వివరించారు.

ప్రభుత్వాల పాత్ర

ఇంగ్లాండులో 2018లో ప్రారంభమైన ఒక ప్రయోగానికి విద్యాశాఖ నిధులిచ్చింది. ఫ్రాన్స్ విద్యాశాఖ 2021లో ‘టెడ్-ఐ’ పథకం కింద ఇటువంటి రోబోలను పాఠశాలలకు అందించడం చేపట్టింది. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతం మరొక అడుగు ముందుకు వేసింది. అక్కడ వినియోగించేది రోబో కాదు, బల్లపై ఉంచే కెమెరా, తెర మాత్రమే. కాని దీర్ఘకాలం బడికి రాలేని విద్యార్థికి తన తరగతి పాఠాన్ని ఇంటి నుంచి ప్రత్యక్షంగా వినే అవకాశం 2015 నుంచి హక్కుగా లభించింది. దానివలన ఆ సదుపాయం దాతల దయ మీదో, ప్రధానోపాధ్యాయుని ఇష్టం మీదో ఆధారపడవలసిన అవసరం తగ్గింది.

యంత్రం లేనిచోట

రోబో కొనడం అధిక వ్యయంతో కూడిన పని. అది లేనిచోట ఉపాధ్యాయుల అనుమతితో మిత్రుని బల్లపై ఉంచిన ఫోను రోజుకు ఒక పాఠాన్నైనా వినిపించగలదు. దానికీ ఇవే ఏర్పాట్లు అవసరం: ప్రతి సబ్జెక్టు ఉపాధ్యాయుని సమ్మతి, తరగతికి ముందుగా చెప్పడం, దృశ్యం భద్రపరచరాదన్న కట్టుబాటు, బాధ్యత వహించే ఒక స్నేహితుడు. ముఖం చూపాలా, మాట మాత్రమే వినిపించాలా అన్న నిర్ణయం జబ్బుతో ఉన్న విద్యార్థికే వదలాలి. హాజరు పిలిచేటప్పుడు అతని పేరును దాటిపోకుండా ఉండడానికి ఏ యంత్రమూ అక్కరలేదు.