బ్రిక్స్‌టన్ టాప్‌క్యాట్స్: దక్షిణ లండన్ పేట పిల్లల బాస్కెట్‌బాల్ క్లబ్

బ్రిక్స్‌టన్ టాప్‌క్యాట్స్ లండన్ దక్షిణ భాగంలో, లాంబెత్ బరోకు చెందిన బ్రిక్స్‌టన్ పేటలో పుట్టిన బాస్కెట్‌బాల్ క్లబ్. 1980ల తొలినాళ్లలో కోచ్ జిమ్మీ రోజర్స్ దీన్ని మొదలుపెట్టారు. బ్రిక్స్‌టన్ స్టేషన్ రోడ్డు మీది రిక్రియేషన్ సెంటర్ ఈ క్లబ్‌కు సొంతిల్లు లాంటిది. పేటవాసులు దాన్ని ముద్దుగా ‘రెక్’ అంటారు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో పదిహేను సీజన్లు ఆడిన లూవోల్ డెంగ్ చిన్నతనంలో ఆట నేర్చుకున్నది ఇక్కడే. క్లబ్ పేరు దేశాలు దాటడానికి అదే కారణం. అయితే ఈ క్లబ్ కథ డెంగ్‌తో మొదలవలేదు, ఆయనతో ఆగిపోనూ లేదు.

ముందు పేట గురించి చెప్పాలి. 1948 జూన్‌లో కరీబియన్ దీవుల నుంచి ‘ఎంపైర్ విండ్‌రష్’ ఓడలో వచ్చినవారిలో, తల దాచుకునే చోటు లేనివారిని క్లాపమ్ సౌత్ దగ్గర భూగర్భ ఆశ్రయంలో దించారు. యుద్ధకాలంలో బాంబుల నుంచి తప్పించుకోవడానికి తవ్విన సొరంగం అది. అక్కడికి దగ్గరలోని ఉపాధి కార్యాలయం బ్రిక్స్‌టన్‌లో, కోల్డ్‌హార్బర్ లేన్‌లో ఉండేది. పని వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు ఆ చుట్టుపక్కలే గదులు అద్దెకు తీసుకున్నారు. అలా ఒక కార్యాలయం చిరునామాతో మొదలై, బ్రిక్స్‌టన్ లండన్‌లో కరీబియన్ కుటుంబాలకు ముఖ్యమైన నెలవైంది.

ఆ కుటుంబాల రెండో తరం పెరిగి పెద్దయ్యే నాటికి పరిస్థితి దిగజారింది. 1981 ఏప్రిల్‌లో ‘స్వాంప్ 81’ పేరుతో మఫ్టీ పోలీసులు వీధుల్లో సోదాలు చేపట్టి, కొద్ది రోజుల్లోనే తొమ్మిది వందల మందికి పైగా జనాన్ని నిలబెట్టి తనిఖీ చేశారు. ఆ కోపమే అల్లర్లుగా భగ్గుమంది. ఆ తర్వాత లార్డ్ స్కార్మన్ సమర్పించిన విచారణ నివేదిక నిరుద్యోగాన్ని, ఇళ్ల కొరతను, పోలీసుల తీరును చర్చించింది. కుర్రాళ్లకు పొద్దుపోయే చోటు లేదన్న సంగతినీ నమోదు చేసింది.

రోజర్స్ పట్టుకున్నది సరిగ్గా ఆ చివరి మాటనే. ఆయన స్వయంగా ఇంగ్లండ్ జట్టుకు ఆడిన మనిషి. నల్లజాతి పిల్లవాడు ఆ దేశంలో పెరగడమంటే ఏమిటో అనుభవించి తెలుసుకున్నవాడు. 2018లో మరణించేదాకా దశాబ్దాల పాటు ఆయన బ్రిక్స్‌టన్ పిల్లలకు ఆట నేర్పుతూనే ఉన్నారు. ఇంగ్లండ్‌లో పసిపిల్లాడికైనా ముందు తెలిసే ఆట ఫుట్‌బాల్. పత్రికలూ టీవీలూ డబ్బూ అన్నీ దాని వెంటే. అలాంటి చోట బాస్కెట్‌బాల్‌ను పట్టుకుని అన్నేళ్లు నిలబడటం మాటలు కాదు.

ఇంగ్లండ్‌లో ఇలాంటి క్లబ్ ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూస్తే ఆ కష్టం అర్థమవుతుంది. అక్కడి వానకు, చలికి ఆరుబయట ఏడాది పొడవునా ఆడటం కుదరదు. హాలు కావాలి. హాలు కౌన్సిల్‌దో బడిదో అయి ఉంటుంది, గంటల లెక్కన అద్దె కట్టాలి. నేల మీద బ్యాడ్మింటన్ గీతలు, నెట్‌బాల్ గీతలు, ఫైవ్‌-ఎ-సైడ్ ఫుట్‌బాల్ గీతలు ఒకదాని మీద ఒకటి. వాటి మధ్య ఇరవై ఎనిమిది మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పు బాస్కెట్‌బాల్ కోర్టును కళ్లతో వెతుక్కోవాలి. అండర్‌-14 పిల్లలు చెమటలు కక్కుతూ పక్కకు రాగానే అండర్‌-16 వాళ్లు బంతులు తట్టుకుంటూ దిగుతారు. ఎవరో ఒక తల్లి బల్ల దగ్గర కూర్చుని స్కోరు రాస్తుంటుంది. కోచ్‌లలో చాలామంది పగలు వేరే ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం ఈల మెడలో వేసుకునేవాళ్లే. ‘సబ్స్’ పేరుతో పిల్లల దగ్గర తీసుకునే చిన్న రుసుము హాలు అద్దెకు సరిపోతే అదే పదివేలు.

లూవోల్ డెంగ్ 1985లో ఇప్పటి దక్షిణ సూడాన్‌లోని వావ్‌లో పుట్టాడు. అంతర్యుద్ధం వల్ల ఆయన కుటుంబం ఈజిప్టుకు వెళ్లింది. అక్కడ ఎన్‌బీఏ ఆటగాడు మనూట్ బోల్ డెంగ్ అన్నలకు బాస్కెట్‌బాల్ నేర్పాడు. తర్వాత బ్రిటన్ ఆశ్రయం ఇవ్వడంతో ఆ కుటుంబం దక్షిణ లండన్‌లోని సౌత్ నార్వుడ్‌లో స్థిరపడింది. అక్కడి నుంచే ఆ కుర్రాడు బ్రిక్స్‌టన్‌కు వచ్చి రోజర్స్ చేతిలో పడ్డాడు. పద్నాలుగేళ్లకే అమెరికాలోని బ్లెయిర్ అకాడమీకి, ఆపై డ్యూక్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. 2004 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఏడో స్థానంలో ఎంపికై షికాగో బుల్స్‌కు చేరాడు. 2012, 2013ల్లో ఆల్‌స్టార్ అయ్యాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ జట్టుకు ఆడాడు. 1948 తర్వాత ఒలింపిక్స్‌లో బ్రిటన్ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు దిగడం అదే మొదటిసారి.

ఆ ఒలింపిక్స్‌లో బ్రిటన్ గెలిచిన ఒకే ఒక్క మ్యాచ్ చైనా మీద. పతకం వచ్చే ఆశ ఉన్న ఆటలకే డబ్బు అన్న లెక్కతో ప్రభుత్వ క్రీడా నిధుల సంస్థ యూకే స్పోర్ట్ 2014లో బాస్కెట్‌బాల్‌కు నిధులు ఆపేసింది. పేదపేటల పిల్లలు విరివిగా ఆడే ఆటను పతకాల తక్కెడలో తూచడం అన్యాయం. పై నుంచి వచ్చే నిధులు ఎండిపోయినప్పుడు ఆట ఊపిరి నిలిపేది టాప్‌క్యాట్స్ లాంటి పేట క్లబ్బులే.

క్లబ్ పెరిగిన భవనానిదీ ఒక కథ. లాంబెత్ కౌన్సిల్ వాస్తుశిల్పి జార్జ్ ఫించ్ రూపొందించిన రెక్ ఏళ్ల తరబడి సాగిన నిర్మాణం తర్వాత 1985లో తెరుచుకుంది. 1996 జూలైలో దక్షిణాఫ్రికా అధ్యక్షుడి హోదాలో బ్రిటన్‌కు వచ్చిన నెల్సన్ మండేలా ఈ భవనానికి వచ్చారు. ఆయన్ను చూడటానికి వీధులు ఇసుక వేస్తే రాలనంతగా నిండిపోయాయి. 2016లో రెక్‌కు గ్రేడ్‌-2 రక్షిత కట్టడం హోదా దక్కింది.

ఆటగాడిగా తప్పుకున్నాక డెంగ్ దక్షిణ సూడాన్ బాస్కెట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడయ్యాడు. 2011లో స్వాతంత్ర్యం పొందిన ఆ దేశం 2023 ప్రపంచ కప్‌లో ఆడి, పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించింది. పారిస్‌కు వెళ్లే ముందు, 2024 జూలై 20న, లండన్‌లోనే, గ్రీనిచ్‌లోని ఓ2 అరీనాలో అమెరికాతో సన్నాహక మ్యాచ్ ఆడింది. ఎనిమిది సెకన్లు మిగిలి ఉండగా లెబ్రాన్ జేమ్స్ వేసిన బుట్టతో అమెరికా 101-100తో గట్టెక్కింది. ఎనిమిది రోజుల తర్వాత దక్షిణ సూడాన్ తన తొలి ఒలింపిక్ మ్యాచ్‌లో ప్యూర్టో రికోను 90-79తో ఓడించింది.