ఇండోర్ దీపావళి ఊరేగింపు: నగర ప్రణాళికలో ప్రజల నడవడి

1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలింది. ఇరుకు వాడలే దానికి మూలమని ప్రభుత్వం భావించింది. 1898లో ఏర్పడిన బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు అటువంటి వాడలను కూల్చి వెడల్పైన రోడ్లు వేయసాగింది. మరి ఆ ఇళ్లలోని వారు ఎక్కడికి వెళ్లారు? పని దొరికే చోటు వదల్లేక చాలామంది పక్క వీధుల్లోనే సర్దుకున్నారు. అక్కడ ఇరుకు ఇంకా పెరిగింది. ఏ నగర ప్రణాళికను చదివినా విద్యార్థులు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్నను గట్టిగా పట్టించుకున్నవారిలో స్కాట్లండ్‌కు చెందిన పాట్రిక్ గెడ్డిస్ (1854–1932) ముఖ్యుడు. ఆయన చదివింది జీవశాస్త్రం. 1914లో భారతదేశానికి వచ్చారు. ఆయన ప్రదర్శన సామగ్రిని తెస్తున్న ఓడను జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ముంచివేయగా, మిత్రులు మళ్లీ సేకరించి పంపిన పటాలతో 1915లో మద్రాసులో ప్రదర్శన జరిపారు. వాడ మొత్తాన్ని కూల్చకుండా, బాగా శిథిలమైన ఒకటి రెండు ఇళ్లు మాత్రమే తీసి, అక్కడ ఖాళీ స్థలం, చెట్టు, మంచి బావి ఉండేలా చూడాలన్నది ఆయన పద్ధతి. దీనికి ‘కన్జర్వేటివ్ సర్జరీ’ అని పేరు పెట్టారు.

తరువాత హోల్కార్ల రాజధాని ఇండోర్‌లో పని చేశారు. పటాలు పట్టుకుని వీధుల్లో తిరిగే ఈ ముసలి దొరను చూసి జనం భయపడ్డారు. ప్లేగు తెచ్చేది ఈయనేనని అనుకున్నారట. అప్పుడు ఆయన మహారాజు అనుమతితో దీపావళికి ఒక ఊరేగింపు తలపెట్టారు. ఏ వీధిలో ఎక్కువ ఇళ్లు బాగుచేసి శుభ్రంగా ఉంచుతారో ఆ వీధిగుండానే ఊరేగింపు వెళుతుందని చాటింపు వేయించారు. ఇక చెప్పాలా! వీధికీ వీధికీ పోటీ. జనమే చెత్త ఎత్తారు, గోడలకు సున్నం వేశారు. ఊరేగింపులో ప్లేగు ఎలుక పెద్ద బొమ్మ నడిచింది, కొత్త బట్టలు, పూలదండలతో పాకీవారు నడిచారు. చివర ఆ ఎలుకను తగలబెట్టారు.

ఈ కథనం గెడ్డిస్ స్వయంగా చెప్పినదని మరువరాదు. ప్లేగు ఋతువును బట్టి కూడా తగ్గుతుంది కాబట్టి, ఊరేగింపు వల్లే వ్యాధి పోయిందనడం చరిత్రకారుడికి తగదు. ఒక్కరోజు పూలదండతో పాకీపని కులానికి కట్టుబడి ఉండటమూ ఆగలేదు. అయితే ఒక సంగతి మాత్రం రుజువైంది: ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పలుగుతో చేయబోయిన పనిలో కొంత భాగాన్ని, కారణం తమకు నచ్చినప్పుడు ప్రజలు తామే చేసుకున్నారు.

1918లో ఆయన ఇండోర్ దర్బారుకు రెండు సంపుటాల నివేదిక సమర్పించారు. నగర మలినాన్ని మురుగుకాలువల పాలు చేయకుండా నేలకు, తోటలకు ఎరువుగా చేర్చాలని అందులో వాదించారు. ఆ పద్ధతి సాగాలంటే ప్రతి ఇంటివారూ ప్రతిరోజూ సహకరించాలి. పండుగ ఏడాదికొక్కసారే వస్తుంది.