దేశదిమ్మరుల సభ

కొత్తగా పరిశోధనలోకి వచ్చినవాళ్ళకి మూడు బెంగలుంటాయి. దారి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? లోపలికి ఎవరు రానిస్తారు? వచ్చాక మన మాట ఎవరైనా వింటారా? మధ్యయుగాల యూరప్ చరిత్ర మీద పనిచేసే యువ పరిశోధకుల విషయంలో ఇంకో తమాషా ఉంది. తమని పీడించే ఈ ప్రశ్నలే, వాళ్ళు చదువుకునే ఎనిమిదొందల ఏళ్ళనాటి పత్రాల్లోనూ కనబడతాయి.

పన్నెండో శతాబ్దంలో చదువంటే ఊళ్ళు తిరగడమే. న్యాయశాస్త్రం కావాలంటే బొలోన్యా, తర్కం కావాలంటే పారిస్. మంచి గురువు ఎక్కడుంటే అదే బడి. అలా తిరిగేవాళ్ళని లాటిన్‌లో 'వగాంటెస్' అన్నారు. మన మాటలో దేశదిమ్మరులు. పరాయి ఊళ్ళో వాళ్ళకి దిక్కుండేది కాదు. మీ ఊరి వ్యాపారి ఎవడో అక్కడ అప్పు ఎగ్గొట్టిపోతే, నువ్వూ ఆ ఊరివాడివే కదా అని మిమ్మల్ని పట్టుకుని వసూలు చేసేవాళ్ళు. 1150ల్లో ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి 'హబితా' అనే శాసనంతో ఈ పద్ధతిని నిషేధించాడు. విద్యార్థి మీద ఫిర్యాదు వస్తే తన గురువు దగ్గరో, బిషప్ దగ్గరో విచారణ కోరుకునే హక్కు కూడా ఇచ్చాడు. దారిలో కాస్త రక్షణ దొరికింది, కనీసం తోలుకాగితం మీద.

ఇక గుమ్మం సంగతి. పాఠం చెప్పాలంటే చర్చి అధికారి అనుమతి ఉండాలి. ఆ అనుమతికి డబ్బు అడగకూడదని, అర్హత ఉన్నవాడికి కాదనకూడదని 1179లో మూడో లాటరన్ మహాసభ తీర్మానించింది. అడగొద్దని చెప్పాల్సొచ్చిందంటే అడుగుతున్నారనే కదా! 1215 నాటి పారిస్ నియమావళి వయసు లెక్క కూడా తేల్చింది. ఆర్ట్స్ బోధించాలంటే 21 ఏళ్ళు నిండాలి, ఆరేళ్ళు చదివి ఉండాలి. థియాలజీ అయితే 35 ఏళ్ళు. ముప్పై దాటినా ఇంకా 'ఎర్లీ కెరీర్' అనిపించుకుంటున్న నేటి పరిశోధకులు ఈ వాక్యం దగ్గర ఆగి నవ్వుకుంటారేమో.

మాట వినిపించుకోవడం మూడోది. అబెలార్డ్ 1100 ప్రాంతంలో పారిస్ వచ్చి, విలియం ఆఫ్ షాంపో దగ్గర చేరి, ఆయన బడిలోనే ఆయనతో వాదానికి దిగాడు. డిండిమభట్టు కంచుఢక్క పగలగొట్టించిన శ్రీనాథుడి కథ విన్న మనకి ఆ దూకుడు కొత్తేమీ కాదు. పదమూడో శతాబ్దానికి ఈ వాదమే యూనివర్సిటీ పద్ధతిగా స్థిరపడింది. ఇంకా గురువు కాని బాచిలర్ ఆక్షేపణలకు జవాబు చెప్పేవాడు, చివర్లో గురువు సిద్ధాంతం తేల్చేవాడు. క్రిస్మస్‌కి ముందు, ఈస్టర్‌కి ముందు జరిగే 'క్వాడ్లిబెట్' సభల్లోనైతే ఎవరైనా ఏ ప్రశ్నైనా వేయొచ్చు. ఇరవై నిమిషాల పేపర్, ఆ తర్వాత ప్రశ్నలు అనే ఇవాళ్టి పద్ధతి దానికి దూరపు చుట్టంలా అనిపిస్తుంది.

ఇప్పటి సభల్లో బాగా పేరున్నది అమెరికాలోని కలమజూ. వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో 1962లో మొదలైంది. కోవిడ్‌కి ముందు ఏటా మే నెలలో దాదాపు మూడువేల మంది వచ్చేవాళ్ళు. చాలామంది బస విద్యార్థుల హాస్టళ్ళలోనే. శనివారం రాత్రి డాన్స్ దాని ఆనవాయితీ. పేరుమోసిన ప్రొఫెసరూ, మొదటి పేపర్ చదవడానికొచ్చిన కుర్రాడూ ఒకే క్యూలో కాఫీకి నిలబడే చోటు.

అయినా అక్కడిదాకా రావాలి కదా. డేవిడ్ లాడ్జ్ తన 'స్మాల్ వరల్డ్' (1984) నవలలో కాన్ఫరెన్సులను మధ్యయుగపు తీర్థయాత్రలతో పోల్చాడు. పుణ్యం పేరు చెప్పి షికారు అన్నమాట. ఉద్యోగం ఉన్నవాళ్ళకి ఆ పోలిక బాగానే అతుకుతుంది. లేనివాళ్ళకి మాత్రం అది ఉద్యోగాల వేట. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళని కాన్ఫరెన్సుకి పంపితే టికెట్టూ హోటలూ కంపెనీ చూసుకుంటుంది. రీసెర్చ్ స్కాలర్ చాలాసార్లు ముందు తన కార్డు గీకి, గ్రాంటు డబ్బు కోసం తర్వాత ఎదురుచూడాలి. గ్రాంటు రాకపోతే అది అప్పే.

గుమ్మం దగ్గర పేచీ కూడా తీరలేదు. 2019 కలమజూ సభ కోసం 'మెడీవలిస్ట్స్ ఆఫ్ కలర్' అనే బృందం ప్రతిపాదించిన సెషన్లు కొన్ని తిరస్కరణకు గురయ్యాయి. ఎంపిక ఎలా చేస్తున్నారో చెప్పండంటూ 2018లో బహిరంగ లేఖ వచ్చింది. ఇది కుర్చీల తగాదా మాత్రమే కాదు. గదిలో ఎవరున్నారన్నదాన్ని బట్టే గతాన్ని ఏం అడుగుతామన్నది ఉంటుంది. కాకతీయుల కాలపు శాసనాల ఆధారంగా సింథియా టాల్బట్ రాసిన పుస్తకం (2001) ఉపశీర్షికలోనే 'మెడీవల్ ఆంధ్ర' అని ఉంది. అంటే మధ్యయుగం యూరప్ సొత్తేమీ కాదు. కానీ వరంగల్‌లో శాసనాలు చదివే విద్యార్థి ఆ మాట మిషిగన్‌లో నిలబడి చెప్పాలంటే వీసా, విమానం టికెట్టు కావాలి.

అందుకే 2002లో హార్వర్డ్‌లో మొదలైన ఒక చిన్న సభ నాకు ముఖ్యం అనిపిస్తుంది. నడిపేది విద్యార్థులే, పేపర్లు చదివేదీ విద్యార్థులే. ఏటా ఒక కొత్త యూనివర్సిటీకి మారుతుంది. రిజిస్ట్రేషన్ రుసుము లేదు. పేరు 'వగాంటెస్', ఆ దేశదిమ్మరుల పేరే. విమానం ఖర్చు అదీ తీర్చలేదు. ఉద్యోగాలూ ఇప్పించలేదు. గుమ్మం దగ్గర డబ్బు అడగకూడదన్న 1179 నాటి మాటని మాత్రం అమలు చేస్తోంది.

'యూనివర్సితాస్' అన్న లాటిన్ మాటకి మొదట్లో అర్థం భవనం కాదు, సంఘం. బొలోన్యాలో ఆ సంఘం పెట్టుకున్నది విద్యార్థులే. పాఠానికి ఆలస్యంగా వచ్చిన గురువుకి జరిమానా కూడా వేసేవాళ్ళు. పరాయి ఊళ్ళో ఒంటరిగా ఉంటే ఎవడి అప్పో నెత్తిన పడుతుందని తెలిసినవాళ్ళు మరి. ఈసారి ఏదైనా సభ ప్రకటన కనబడితే, కీనోట్ ఎవరిదో చూసేముందు రుసుము ఎంతో, ప్రయాణ గ్రాంటు ఉందో లేదో చూడండి. ఆ సభ ఎవరికోసమో ఆ రెండు లైన్లు చెప్పేస్తాయి.